మసాయి మారా సఫారీ: అమ్మతో, చిన్నబాబుతో వెళ్తున్నాం, సలహా కావాలి

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. ఆగస్టు చివర్లో కెన్యా వెళ్తున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, మా అమ్మ (64 ఏళ్లు). మసాయి మారా అభయారణ్యంలో మూడు రాత్రులు. ఎల్లో ఫీవర్ టీకా గురించి ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు. ఏజెంటేమో "కెన్యాలో ఎవరూ అడగరండీ" అంటున్నాడు. అమ్మకి నడుం నొప్పి, పైగా శాకాహారి. వ్యాన్ తీసుకోవాలా, ల్యాండ్ క్రూజరా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (నైరోబీ నుంచి)

అమ్మా, ఏజెంటు చెప్పింది సగమే. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లని ఇక్కడ అడగరు, నిజమే. అడిగేది తిరిగి మన ఎయిర్‌పోర్టులో దిగాక. టీకా వేయించుకున్నట్టు కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు, కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. కార్డు మీద పేరు అక్కడే సరిచూసుకోండి. మా తోడల్లుడి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, కార్డులో పొడి అక్షరమే రాశారు. తిరుగు ప్రయాణంలో ముప్పావుగంట పక్కన నిలబెట్టారు.

అమ్మగారి సంగతి వేరు. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో అరుదుగా తీవ్రమైన ఇబ్బందులు వస్తాయి. గుడ్డు పడనివాళ్లకూ జాగ్రత్త అవసరం. ముందు డాక్టరుకి చూపించండి. వద్దంటే ఆ మాట ఉత్తరంగా రాయించుకుని, వచ్చాక ఏం చేస్తారో ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారుల్ని టికెట్లు కొనకముందే అడగండి. మలేరియా మాత్రల గురించి కూడా ఆ డాక్టర్నే అడిగేయండి.

బండి మాత్రం ల్యాండ్ క్రూజరే. వ్యాన్ చవక, కానీ నల్లరేగడిలో వాన పడితే కూరుకుపోతుంది. జులై నుంచి డిసెంబరు దాకా విదేశీ పెద్దవాళ్లకు ప్రవేశ రుసుము రోజుకి 200 డాలర్లు. ప్యాకేజీలో అది కలిసిందో లేదో కాగితం మీద రాయించుకోండి. వీసా బదులు 2024 జనవరి నుంచి ఈటీఏ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) వచ్చింది, బాబుకి కూడా విడిగా తీసుకోవాలి.

తిండికి బెంగ వద్దు. ఇక్కడ గుజరాతీలు తరతరాలుగా ఉన్నారు, చపాతీ, పప్పు దొరుకుతాయి. ఉగాలి అంటే మొక్కజొన్న పిండి సంగటే, సుకుమా అనే ఆకుకూరతో తింటారు. అమ్మగారికి తప్పక నచ్చుతుంది.

జవాబు (విశాఖ నుంచి)

మేం రెండేళ్ల కిందట సెప్టెంబరులో వెళ్లొచ్చాం. ఒక్క మాట చెప్పాలనుంది: వైల్డ్‌బీస్ట్‌లు అనే పెద్ద జింకల మందలు మారా నది దాటడం చూడాలనే పట్టుదలతో రోజంతా గట్టు మీదే కాపలా కాయకండి. మేం తొలిరోజు అలా ఆరు గంటలు పోగొట్టుకున్నాం, మంద నీళ్ల దాకా వచ్చి వెనక్కి మళ్లింది. మర్నాడు డ్రైవరు ఓ చెదపుట్ట దగ్గర ఇంజను ఆపేశాడు. పుట్ట మీద చీతా. గంటసేపు కదల్లేదు. తోక కొస మాత్రం ఆడుతోంది, కళ్ల కింద నుంచి నోటిదాకా నల్లటి చారలు కాటుక కారినట్టున్నాయి. తర్వాత మెల్లగా దిగి, తల వంచుకుని గడ్డిలోకి వెళ్లిపోయింది. మా పాప ఇప్పటికీ ఆ గంట గురించే చెప్తుంది.

తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది, స్వెట్టరు మర్చిపోకండి. ముదురు నీలం, నలుపు బట్టలకు సెట్సీ అనే కుట్టే ఈగలు మూగుతాయి. ప్లాస్టిక్ కవర్లు కెన్యాలో నిషేధం, పెట్టెలోంచి ముందే తీసేయండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. రేపే అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. నైరోబీ నుంచి రోడ్డు ప్రయాణం అమ్మ తట్టుకోగలదంటారా?

జవాబు (నైరోబీ నుంచి)

ఐదారు గంటలు పడుతుంది. వీలైతే విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి చిన్న విమానం ఎక్కండి, ముప్పావుగంటలో దింపుతుంది. సామాను మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లో. సఫారీ బండిలో మాత్రం అమ్మగారిని వెనక చక్రాల మీద సీట్లో కాకుండా డ్రైవరు పక్కన గానీ, మధ్య వరసలో గానీ కూర్చోబెట్టండి. నడుం వెనక ఓ చిన్న దిండు పెట్టండి.