పొద్దున కమకురా బుద్ధుడు, మధ్యాహ్నం నూడుల్స్ మ్యూజియం: ఒకే రోజు పెట్టుకోవచ్చా?

నడకపిచ్చి:
జపాన్‌లో ఒక్క రోజు ఖాళీ దొరికింది. పొద్దున కమకురాలో పెద్ద బుద్ధుడు, మధ్యాహ్నం యోకొహామాలో కప్ నూడుల్స్ మ్యూజియం అనుకుంటున్నా. రెండూళ్ళ మధ్య రైల్లో అరగంట లోపే. మా అన్నయ్యేమో "గుడికెళ్ళే రోజు గుడికే వెళ్ళు, మోకాలికీ బోడిగుండుకీ ముడెందుకు" అంటున్నాడు. మీరేమంటారు?

పాతచెప్పులు:
మీ అన్నయ్యదే రైటు. నేనూ ఇలాగే వెళ్ళా. మ్యూజియంలో మన కప్పు మనమే తయారుచేసుకునే చోటికి ఒంటిగంట టైమ్ పెట్టుకున్నా, ఇక బుద్ధుడుండే కోతోకు-ఇన్ గుళ్ళో ఉన్నంతసేపూ వాచీ చూసుకోవడమే. 1252లో మొదలుపెట్టిన కంచు విగ్రహం, 11 మీటర్ల పైన ఎత్తు, దాని ముందు నిలబడి నేను ఆలోచించిందల్లా అక్కడి హసే స్టేషన్‌లో ఎనొదెన్ రైలు ఎక్కడానికి చోటుంటుందా లేదా అని (చిన్న బండి, సెలవు రోజుల్లో కిక్కిరిసిపోతుంది). ఫోనులో ఫోటోలు నలభై ఉన్నాయి, ఆయన ముఖం మాత్రం గుర్తులేదు.

ఊరికేచూస్తా:
టైమ్ అలా పెట్టుకున్నది మీరు, మధ్యలో మ్యూజియం ఏం చేసిందండీ? అన్నట్టు ఆ సామెత అక్కడ చెల్లదు, బుద్ధుడికి తలనిండా ఉంగరాల జుట్టు. ఇంతకీ విగ్రహం లోపలికి వెళ్ళారా? లోపలంతా డొల్ల. కింది నుంచి పైకి వరసలు వరసలుగా పోతపోసి కలిపిన అతుకులు కనిపిస్తాయి, తర్వాతి కాలంలో మెడకు లోపలి నుంచి వేసిన పూత కూడా. దండం పెట్టుకుందామని వెళ్ళినవాణ్ణి, కంచరి పని చూస్తూ ఉండిపోయా. అదే కళ్ళతో మ్యూజియానికి వెళ్ళా. ఇన్‌స్టంట్ నూడుల్స్ కనిపెట్టిన మొమొఫుకు ఆండో 1958లో ఇంటి వెనక షెడ్డులో నూడుల్స్‌ని నూనెలో వేయించాడు, తడి ఆవిరైపోయిన చోట సన్నని బెజ్జాలు మిగిలాయి, వేడినీళ్ళు దూరేది వాటిలోకే. 1971లో వచ్చిన కప్ నూడుల్స్‌లో నూడుల్స్ కప్పు అడుగుకి తగలవు, మధ్యలో బిగిసి ఉంటాయి. పైనుంచి వేస్తే వంకరగా పడుతున్నాయని నూడుల్స్ మీదే కప్పు బోర్లించారు! ఒకే రోజు చూశా కాబట్టే నాకు రెండూ గుర్తున్నాయి.

పాతచెప్పులు:
బాగుంది గానీ మీరు చెప్పింది రెండు వర్క్‌షాపుల గురించి. అందులో గుడి ఏది? చుట్టూ ఉన్న మంటపం తుపాన్లకూ ఉప్పెనకూ పోయి, 15వ శతాబ్దం చివరి నుంచీ ఆయన ఎండకూ వానకూ అలా ఆరుబయటే కూర్చున్నాడు. జనం వచ్చి చేతులు జోడిస్తున్నారు. అక్కడ అతుకులు చూసుకుని వచ్చేస్తే ఎలాగండీ?

ఊరికేచూస్తా:
దండం కూడా పెట్టానండీ, ముందు అదే. అతుకులు తర్వాత. నడకపిచ్చి గారూ, మంగళవారం మాత్రం వద్దు, మ్యూజియానికి సెలవు.

నడకపిచ్చి:
సరే, గుడి తలుపులు తీసే వేళకే వెళ్తా, కప్పు కోసం ముందే టైమ్ పెట్టుకోను, దొరికితే దొరుకుతుంది. పాతచెప్పులు గారి నలభై ఫోటోల సంగతి చదివాక టెన్షన్ పట్టుకుంది, అందుకని ఫోను బ్యాగులోనే. కప్పు మీద మన బొమ్మ మనమే గీసుకోవచ్చని చెప్పగానే అన్నయ్య తనూ వస్తానంటున్నాడు.