వాన తక్కువైనా ఏరు ఎండదు, ఎలా?

ప్రశ్న (ఆమదాలవలస):
మా తమ్ముడు అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం, బెండ్ అనే ఊళ్లో ఉంటున్నాడు. అక్కడ ఏడాదికి పడేది 300 మిల్లీమీటర్ల వాన, అదీ అటూఇటూగా. మన జిల్లాలో అంతకు మూడింతల పైనే పడుతుంది. అయినా వేసవిలో నాగావళి చూస్తే సన్నటి పాయ తప్ప అంతా ఇసుకే. వాడేమో ఆగస్టులో మెటోలియస్ నది ఫొటోలు పంపాడు. చుట్టూ ఎండుగడ్డి, పైన్ చెట్లు, మధ్యలో నిండుగా పారుతున్న నీళ్లు. ఆ నీరంతా ఎక్కడిది?

జవాబు (విజయనగరం, భూగోళం చెప్పిన మాస్టారిని):
పడమట కాస్కేడ్ పర్వతాలున్నాయి కదమ్మా, నీళ్లు అక్కడివి. పసిఫిక్ మీంచి వచ్చే తేమగాలి ఆ కొండలెక్కి మంచుగా కురిసేస్తుంది. బెండ్ వైపు దిగేసరికి అందులో తేమ మిగలదు. మంచు మెల్లగా కరుగుతుంది. కింద ఉన్నది వయసులో చిన్నదైన లావా, నిండా పగుళ్లు. పైన అగ్నిపర్వతాలు చిమ్మిన ప్యూమిస్, అంటే నిండా బొరియలున్న తేలికపాటి రాయి, పొర. నీరు గెడ్డలై పారకముందే ఇంకిపోయి, ఏళ్ల తరవాత ఎక్కడో ఊటై పైకొస్తుంది. మెటోలియస్ అలా బ్లాక్ బ్యూట్ అనే కొండ మొదట్లోనే పుడుతుంది. ఆ ఊటనీరు ఏడాది పొడుగునా 9 డిగ్రీల దగ్గరే ఉంటుంది.

మన తూర్పు కనుమలవి ఖోండలైట్, చార్నకైట్. చాలా పాత గట్టిరాళ్లు, లోపల నీరు దాచుకునే చోటు తక్కువ. వాన కూడా నాలుగైదు నెలల్లోనే కుమ్మేస్తుంది. అందుకే గెడ్డలు పూటలో పొంగి పూటలో తీస్తాయి. కొండవాలు మీద చెట్టు కొట్టేస్తే ఆ కాస్త ఇంకేదీ ఇంకదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇంకొకరు (పాలకొండ):
బెండ్ ఊరి మీదుగా పారే డెషూట్స్ నది సంగతి వేరండి. ఊటల బలం దానికీ ఉంది గానీ, 1949లో పూర్తయిన వికియప్ డ్యామ్ వచ్చాక పై భాగంలో నీళ్లు ఎప్పుడు వదలాలన్నది సాగు అవసరాన్ని బట్టే. ఆ నీరు మద్రాస్ అనే ఊరి చుట్టూ పొలాలకి వెళ్తుంది. అవును, అక్కడా ఒక మద్రాస్ ఉంది.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, అక్కడి అగ్నిపర్వతాల నోళ్లలో చెరువులున్నాయట, నిజమేనా?

మాస్టారు:
నిజమేనమ్మా. న్యూబెర్రీ అగ్నిపర్వతం కుంగిన గుంటలో పౌలీనా, ఈస్ట్ అని రెండు సరస్సులున్నాయి. పౌలీనా నుంచి ఒక ఏరు బయటికి పోతుంది, ఈస్ట్‌కి పైకి కనబడే దారే లేదు. ఇంకా దక్షిణాన క్రేటర్ లేక్, లోతు 594 మీటర్లు. సుమారు 7,700 ఏళ్ల కిందట మజామా పర్వతం పేలి కూలిన గుంట అది. నది వచ్చి కలవదు, నది బయలుదేరదు, వానా మంచే దానికి ఆధారం. మీరు వెళ్తే మాత్రం ముందు మెటోలియస్ ఊట చూడండి. కారు దిగాక కొద్ది నడకే.