మంగళవారమే ప్రయాణం, ఇద్దరూ చిన్నపిల్లలు: థీమ్ పార్కుకు ఏం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మావారికి ఉన్నట్టుండి సెలవు దొరికింది. పిల్లల్ని థీమ్ పార్కుకు తీసుకెళ్తామని ఎప్పటినుంచో ఊరిస్తున్నాం, ఇప్పుడు కుదరకపోతే మళ్ళీ ఏడాది దాకా కుదరదు. ఇవాళ శుక్రవారం, మంగళవారం బయలుదేరాలి. పెద్దవాడికి వచ్చే నెలలో ఐదేళ్ళు నిండుతాయి. చిన్నదానికి ఇంకా మూడు నిండలేదు. మధ్యాహ్నం నిద్ర తప్పితే సాయంత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది. మా అత్తగారు కూడా వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పార్కులో రెండు రోజులు గడపాలని ఆలోచన. టికెట్లు కొనలేదు, గది బుక్ చేయలేదు. ఎక్కడ చదివినా నెలల ముందు నుంచే ప్లాన్ చేసుకోవాలంటున్నారు, చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఏది ముందు చేయాలి, ఏది వదిలేసినా ఫరవాలేదు? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు:

కంగారు పడకు చెల్లెమ్మా, నాలుగు రోజులు సరిపోతాయి. నెలల ముందు ప్లాన్ చేసుకోమనేది ఎక్కువగా పెద్ద రైడ్లన్నీ ఎక్కాలనుకునేవాళ్ళ కోసం. నీ పిల్లల వయసుకి వాటిలో సగం ఎలాగూ ఎక్కనివ్వరు. నువ్వు ప్లాన్ చేసుకోవాల్సింది చిన్నదాని నిద్ర చుట్టూ. ఆ పిల్ల ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు తింటుంది, ఎప్పుడు కునుకు తీస్తుంది, ఈ మూడూ కాగితం మీద రాసుకో. మిగతావన్నీ వాటి మధ్య ఇమడాలి.

వరుస చెప్తాను. ముందు టికెట్లు, తర్వాత గది. చాలామంది గది బుక్ చేసుకుని టికెట్ల కోసం చూస్తారు, అక్కడే ఇరుక్కుంటారు. పెద్ద పార్కులు చాలావరకు ఇప్పుడు తేదీ వేసిన టికెట్లే అమ్ముతున్నాయి. ఆ రోజు కోటా అయిపోతే గేటు దగ్గర కూడా దొరక్కపోవచ్చు. పార్కు సొంత యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో కొను. రెండు రోజుల టికెట్‌లో ఒక రోజు వాడేసి మిగతాది తక్కువకి ఇస్తామనేవాళ్ళు తగులుతారు, వాళ్ళ జోలికి వెళ్ళకు. మొదటి రోజు ఫోటోనో వేలిముద్రో తీసుకునే పార్కులు ఉన్నాయి. రెండో రోజు ఇంకొకరు వస్తే లోపలికి పంపరు.

చిన్నదానికి టికెట్ కావాలా వద్దా అన్నది కొనేముందే చూసుకో. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో మూడేళ్ళ లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. టోక్యో డిస్నీలో మూడేళ్ళు నిండినవాళ్ళకి కూడా అక్కర్లేదు, నాలుగేళ్ళు నిండాకే టికెట్. కొన్ని పార్కుల్లో వయసుతో పని లేదు, ఎత్తుని బట్టి లెక్క. ఉచితమైనా వయసు రుజువు ఒకటి ఫోన్‌లో పెట్టుకో.

గది విషయంలో నా మాట ఒక్కటే: గేటుకి దగ్గరగా ఉన్నది తీసుకో, చిన్నదైనా సరే. దూరంలో పెద్ద గది తీసుకుంటే మధ్యాహ్నం వెనక్కి రావడమే పెద్ద ప్రయాణమవుతుంది, చివరికి రారు. ఇవాళ ఖాళీ లేదని చూపించినా రేపు, ఎల్లుండి మళ్ళీ చూడు. డబ్బు కోత లేకుండా రద్దు చేసుకునే గడువు చాలా హోటళ్ళలో రెండు మూడు రోజుల ముందే ముగుస్తుంది కాబట్టి, ఆ గడువు లోపల వదిలేసిన గదులు సరిగ్గా ఇప్పుడే మళ్ళీ అమ్మకానికి వస్తాయి.

ఇక రోజు ఎలా గడపాలో చెప్తాను. గేటు తెరిచే వేళకి అరగంట ముందే అక్కడ ఉండండి. ఏ పార్కులోనైనా మొదటి గంట, గంటన్నర బంగారం లాంటిది. మధ్యాహ్నం గంట క్యూ ఉండే రైడ్‌కి అప్పుడు పది నిమిషాల్లో పని అయిపోతుంది. అందుకని గేటు పక్కనే కనిపించే మొదటి రైడ్ దగ్గర ఆగిపోకండి, అందరూ అక్కడే ఆగుతారు. మీవాడు అన్నిటికన్నా ఎక్కువ కోరుకున్నదాని దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. పదకొండున్నర, పన్నెండు దాకా తిరిగి, ఎండ నెత్తికెక్కకముందే గదికి వచ్చేయండి. అన్నం తిని పిల్లలూ అత్తగారూ పడుకుంటారు. నాలుగు దాటాక మళ్ళీ వెళ్ళండి. అదే రోజు మళ్ళీ లోపలికి రానిస్తారా, చేతికి ముద్ర వేయించుకోవాలా అన్నది బయటికి వచ్చేటప్పుడే గేటు దగ్గర అడగండి.

పొద్దున్నించి రాత్రి దాకా లోపలే ఉంటే టికెట్ డబ్బు గిట్టుబాటవుతుందని మావారూ అనేవారు. మూడేళ్ళ పిల్లతో అది అయ్యే పని కాదు. మూడింటికి పేచీ మొదలైతే ఆ తర్వాత ఏ రైడ్ ఎక్కినా ఎవరికీ గుర్తుండదు.

మరొక సభ్యుడు:

అక్కగారు చెప్పినవన్నీ సరైనవే, ఒక్కదానికి మాత్రం మార్పు చెప్తాను. గది దగ్గరలో దొరక్కపోతే మధ్యాహ్నం బయటికి రావాలని పట్టుపట్టకండి. ఎండలో పార్కింగ్ దాకా నడిచి, బండెక్కి, మళ్ళీ తిరిగొచ్చేసరికి రెండు గంటలు పోతాయి, పిల్ల దారిలోనే కునుకు తీసి గదికి రాగానే లేచి కూర్చుంటుంది. అలాంటప్పుడు పార్కులోనే ఏసీ ఉన్న చోటు చూసుకోండి. కూర్చుని చూసే ప్రదర్శనలు, మెల్లగా సాగే పడవ రైడ్లు మధ్యాహ్నానికి దాచిపెట్టుకోండి. చాలా పార్కుల్లో పసిపిల్లల గది విడిగా ఉంటుంది, డైపర్ మార్చడానికి, పాలివ్వడానికి. అక్కడ గోల తక్కువ. పొద్దున లోపలికి వెళ్ళగానే అది మ్యాప్‌లో ఎక్కడుందో చూసుకోండి.

మూడేళ్ళ పిల్ల నడుస్తుందిలే అని స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) వదిలేయకండి. ఇంట్లో చక్కగా పరిగెత్తే పిల్ల కూడా పార్కులో రోజంతా నడవలేదు. స్ట్రోలర్ ఉంటే నిద్ర అందులోనే అయిపోతుంది, సంచులూ అందులోనే పడతాయి. ఒక జాగ్రత్త మాత్రం ముఖ్యం. ఎండ పడుతోందని స్ట్రోలర్ మొత్తాన్ని పలచటి గుడ్డతో కప్పేస్తుంటారు. నీడే కదా అనుకుంటాం గానీ లోపల గాలి ఆడక వేడి పెరిగిపోతుంది, నిద్రలో ఉన్న పిల్ల చెప్పలేదు. స్ట్రోలర్‌కి ఉన్న పైకప్పు దించి, ముందు వైపు తెరిచే ఉంచండి, నీడలో ఆపండి. ఒకసారి మా బాబు మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే జుట్టంతా చెమటతో తడిసి అంటుకుపోయి ఉంది. అప్పటి నుంచి మెడ దగ్గర తాకి చూడటం మాకు అలవాటైంది.

అడిగినావిడ:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. మీరు చెప్పినట్టే టికెట్లు ముందు చూశాను, బుధ, గురువారాలకి దొరికాయి. గది నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. ఇప్పుడు కొత్త సమస్య. మావాడు ఒక రోలర్ కోస్టర్ బొమ్మ చూసి అదే కావాలని కూర్చున్నాడు. దానికి కనీసం 107 సెంటీమీటర్లు ఉండాలట. గోడకి నిలబెట్టి కొలిస్తే 106 వచ్చాడు. ఒక్క సెంటీమీటరు! ఏమైనా చేయొచ్చా?

ఇంకొకరు:

పొద్దున్నే వెళ్ళండి. పొద్దున లేచినప్పుడు ఎవరైనా సాయంత్రం కన్నా దాదాపు ఒక సెంటీమీటరు పొడుగ్గా ఉంటారు, పగలంతా వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నొక్కుకుపోతాయి కాబట్టి. పైగా చాలాచోట్ల బూట్లతోనే కొలుస్తారు. కాస్త మందపాటి అడుగు ఉన్న బూట్లు వేయండి, సరిపోతుంది.

మొదటి జవాబు ఇచ్చినావిడ:

పొద్దున కొలిపించడం వరకు సరే. రోజూ వేసుకునే బూట్లతో కొలతకి అందితే ఎక్కించండి, తప్పేం లేదు. మందపాటి బూట్లు కొనడం, లోపల అట్టలు పెట్టడం మాత్రం వద్దు చెల్లెమ్మా, దయచేసి వద్దు. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. రైడ్‌లో కూర్చున్నాక మనల్ని పట్టి ఉంచడానికి ఒళ్ళోకి దిగే కడ్డీ ఉంటుంది కదా, అది తొడల మీద, నడుము దగ్గర గట్టిగా ఆనాలి, వీపూ తలా సీటుకి సరిగ్గా ఆనాలి. పిల్లాడు చిన్నగా ఉంటే కడ్డీకి, ఒంటికి మధ్య ఖాళీ మిగిలిపోతుంది. బండి దిగువకి దూకినప్పుడు సీట్లోంచి పైకి లేస్తాం కదా, ఆ ఖాళీ తెలిసేది అప్పుడే. బూటు అడుగు ఎత్తు పెంచుతుంది గానీ తొడ లావు పెంచదు. పక్కన ఒక పెద్దవాళ్ళు కూర్చుని ఇద్దరికీ ఒకే కడ్డీ ఉంటే మరీ జాగ్రత్త, అది పెద్దవాళ్ళ తొడల దగ్గరే ఆగిపోతుంది. ఎక్కనివ్వాలా వద్దా అన్న చివరి మాట అక్కడి సిబ్బందిదే, వాళ్ళు వద్దంటే బతిమాలకండి. పిల్లాడి ముందు వాదన మొదలైతే వాడి ఏడుపు ఇంకా పెరుగుతుంది.

ఇవాళే ఒక పని చెయ్యి. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి ఎత్తుకి ఏయే రైడ్లు ఉన్నాయో పార్కు యాప్‌లో చూపించు. 90, 102 హద్దు ఉన్నవి వాడు హాయిగా ఎక్కుతాడు. వాటిలో మూడు వాడినే ఎంచుకోనివ్వు. లేదు అన్న మాట ఇంట్లో వింటే కాసేపు అలిగి ఊరుకుంటాడు. నలభై నిమిషాలు క్యూలో నిలబడ్డాక గేటు దగ్గర వింటే ఆ పూట అంతా పోయినట్టే.

రెండో సభ్యుడు:

దానికి తోడు ఇంకొకటి. మీరూ, మీవారూ పెద్ద రైడ్ ఎక్కాలనుకుంటే ఇద్దరూ విడివిడిగా క్యూ కట్టక్కర్లేదు. పెద్ద పార్కుల్లో చాలావాటిలో ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు పిల్లతో ఆగి, తర్వాత క్యూ లేకుండా మారే పద్ధతి ఉంటుంది. డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అంటారు, కొన్నిచోట్ల చైల్డ్ స్వాప్ అంటారు. క్యూలోకి వెళ్ళకముందే ద్వారం దగ్గర ఉన్న ఉద్యోగికి చెప్పాలి, సగం దూరం వెళ్ళాక అడిగితే కుదరదు. మీవాడి ఎత్తు సరిపోయే రైడ్ అయితే ఒకసారి నాన్నతో, ఒకసారి అమ్మతో రెండుసార్లు ఎక్కే వీలు కూడా కొన్నిచోట్ల ఉంది. మావాడికి అన్నిటికన్నా నచ్చింది అదే!

మీ అత్తగారికి చక్రాల కుర్చీ గేటు దగ్గర అద్దెకి దొరుకుతుందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నడవగలనని ఆవిడ మొహమాటపడతారు. మొదటి రోజు కాళ్ళు పీక్కుపోతే రెండో రోజు గదిలోనే ఉండిపోతారు. సాయంత్రం ఊరేగింపు ఉంటే అరగంట ముందు ఆవిడ, చిన్నది నీడలో చోటు పట్టుకుని కూర్చోవచ్చు. జనమంతా ఊరేగింపు చూస్తుంటే క్యూలు పలచబడతాయి, ఆ వేళలో పెద్దవాడిని తీసుకుని మీలో ఒకరు తిరిగి రావచ్చు.

అడిగినావిడ:

రైడర్ స్విచ్ సంగతి అసలు తెలియదండీ! ఇక సంచిలో ఏం పెట్టుకోవాలో కూడా చెప్పరూ? గుంపులో పిల్లలు తప్పిపోతే అన్న భయం కూడా ఉంది.

మొదటి జవాబు ఇచ్చినావిడ:

సంచి తేలిగ్గా ఉండాలి, అందులో సగం అక్కడ కూడా దొరికేవే. ఒక్కొక్కరికీ ఒక జత మారు బట్టలు, తడి టిష్యూలు, టోపీలు, నీళ్ళ సీసాలు, పిల్లలకి అలవాటైన చిరుతిండి. అలవాటైన బూట్లే వేసుకోండి, కొత్తవి వద్దు. బయటి తిండి ఎంతవరకు రానిస్తారో పార్కు నియమాల్లో ఉంటుంది, పసిపిల్లల ఆహారానికి సాధారణంగా అడ్డు చెప్పరు. పవర్ బ్యాంక్ తప్పనిసరి, పార్కు యాప్ తెరిచి ఉంచితే మధ్యాహ్నానికే ఫోన్ చచ్చిపోతుంది. విమానంలో వెళ్తుంటే దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి. సన్‌స్క్రీన్ గదిలోంచి బయలుదేరే ముందే రాసి, రెండు గంటలకొకసారి, నీళ్ళలో ఆడాక ఇంకోసారి రాయండి. దాహం వేసినప్పుడు తాగుతారులే అని పిల్లల మీద వదిలేయకండి, ప్రతి క్యూలోనూ రెండు గుక్కలు తాగించండి. చాలాసేపు మూత్రానికి వెళ్ళకపోయినా, వెళ్ళినప్పుడు ముదురు పసుపుగా వచ్చినా, పిల్ల నీరసంగా వాలిపోయినా వెంటనే నీడకి తెచ్చి నీళ్ళు పట్టించండి, తేరుకోకపోతే ప్రథమ చికిత్స గదికి తీసుకెళ్ళండి. బాణసంచా ఉన్న రాత్రి చిన్నదానికి చెవుల మీద పెట్టే మఫ్‌లు కావాలి.

తప్పిపోవడం గురించి. రోజూ పొద్దున గది దాటేముందు ఇద్దరినీ నిలబెట్టి నిండుగా ఒక ఫోటో తీయి. ఏ రంగు చొక్కా వేశామో ఆ కంగారులో గుర్తురాదు, ఫోటో చూపిస్తే చాలు. నీ ఫోన్ నంబరు మణికట్టు లోపలి వైపు పెన్నుతో రాసి పైన పారదర్శకమైన టేపు అంటించు, చెమటకి చెరగదు. చొక్కా మీద బయటికి కనిపించేలా పేరు రాయకు. పెద్దవాడికి గేటు దగ్గరే ఇద్దరు ముగ్గురు ఉద్యోగులని చూపించు, ఛాతీ మీద బ్యాడ్జి ఉన్నవాళ్ళని. అమ్మ కనిపించకపోతే వెతుక్కుంటూ వెళ్ళకూడదు, ఉన్నచోటే నిలబడి బ్యాడ్జి ఉన్నవాళ్ళకి చెప్పాలి అని వాడి నోట అనిపించు.

ఇంకొకరు:

నేను బూట్ల సంగతి చెప్పినవాణ్ణి. కడ్డీ గురించి అక్కగారు చెప్పింది నిజం, నేను అంతదూరం ఆలోచించలేదు. ఒకటి మాత్రం కలుపుతాను. రద్దీ తక్కువ ఉండే రోజుల్లో పార్కులు మరమ్మతుల కోసం కొన్ని రైడ్లు మూసేస్తాయి, వేళలు కూడా కుదిస్తాయి. మీరు వెళ్ళేది బుధ, గురువారాలు కాబట్టి ఆ రెండు తేదీలకి వేళలు, మూసి ఉండే రైడ్ల జాబితా పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. బాబుతో కలిసి మూడు రైడ్లు ఎంచుకునే ముందే చూడండి, వాటిలో ఒకటి ఆ జాబితాలో ఉంటే వాడికి మళ్ళీ నచ్చజెప్పాల్సి వస్తుంది.