బాపు బ్రేకు ఆలస్యంగా వేస్తున్నాడు. బండి మాన్పించాలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి): మా బాపుకు 69 ఏండ్లు. రోజూ ఎనుమాముల మార్కెట్‌కు స్కూటీ మీదే పోతాడు. మొన్న పొద్దుగూకినంక నేను వెనుక కూర్చున్నాను. ముందు ఆటో ఆగింది. "బాపూ, ఆటో!" అని అరిస్తే గానీ బ్రేకు వేయలేదు. జానెడు దూరంలో ఆగాం. ఇంట్లో టీవీ సౌండు కూడా పెంచుతున్నాడు. అడిగితే "నాకేమైంది?" అంటాడు. తాళాలు దాచేద్దామా అనిపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లె, తాళాలు అప్పుడే దాచకు. మేము మా మామకు అలాగే చేశాం, నెల రోజులు మాతో మాట్లాడలేదు. తర్వాత చూపిస్తే రెండు కండ్లకూ శుక్లాలు. చేయి కదలడం కంటే ముందు కన్ను చూడాలి కదా. వయసు మీద పడ్డాక కనుపాప చిన్నదవుతుంది, లోపలికి వెలుతురు తక్కువ పోతుంది. దానికి శుక్లం తోడైతే ఎదురు బండి లైటు పడగానే అంతా తెల్లగా కమ్ముకుంటుంది.

పగటిపూట ఆగి ఉన్న కారుకు 25 మీటర్ల దూరంలో బాపును నిలబెట్టి నంబరు ప్లేటు చదివించు. అద్దాలుంటే పెట్టుకోవాలి. ఒక్కో కన్ను మూసి కూడా చదివించు. లైసెన్సుకు డాక్టరు నింపే ఫారం 1ఏలో అడిగేది కూడా ఈ దూరమే.

తర్వాత ఒక స్కేలు తీసుకో. బాపు ముంజేయి బల్ల మీద, వేళ్లు అంచు బయట ఉండాలి. సున్నా గీత ఆయన బొటనవేలు, చూపుడువేలు మధ్య ఉండేలా నువ్వు స్కేలును పై కొసన నిలువుగా పట్టుకొని, చెప్పకుండా వదిలెయ్. జారే స్కేలును ఆయన ఆ రెండు వేళ్లతో పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే సుమారు 0.2 సెకను, 30 దగ్గరైతే 0.25. ఐదుసార్లు చెయ్, నువ్వూ చేసి పోల్చుకో. ఇది వేళ్ల వేగం మాత్రమే. రోడ్డు మీద ఏం చేయాలో తేల్చుకోవడానికి ఇంకా సమయం పడుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో అర సెకను ఆలస్యమైతే బండి ఐదున్నర మీటర్లు ముందుకు పోతుంది.

చైనాలో 2020లో కారు లైసెన్సుకు 70 ఏండ్ల పరిమితి తీసేసి, ఆ వయసు దాటినవాళ్లకు జ్ఞాపకం, నిర్ణయం, స్పందన వేగం మీద పరీక్ష పెట్టారు. వయసును కాదు, మనిషిని చూడాలన్న ఆ పద్ధతి నాకు నచ్చింది.

ప్రశ్న అడిగినామె: అక్కా, చేశాం. నంబరు కుడి కంటితో చదవలేకపోయాడు. స్కేలు రెండుసార్లు జారిపోయింది. జలుబు గోళీ రోజూ రాత్రి వేసుకుంటున్నాడట.

జవాబు: కొన్ని జలుబు గోళీలు తెల్లారినా మత్తు వదలవు. ఆ గోళీ పేరు, ఈ పరీక్షల్లో తేలింది ఒక చీటీ మీద రాసి కంటి డాక్టరుకు, మామూలు డాక్టరుకు ఇద్దరికీ చూపించు. చెవిలో గుబిలి ఉందేమో కూడా చూడమను, తీసేస్తే టీవీ సౌండు తగ్గొచ్చు. వాళ్లు సరే అనేదాకా బండి నడపొద్దు. మార్కెట్‌కు ఆటోలో పొమ్మను, ఛార్జీ నువ్వే ముందుగా చేతిలో పెట్టు. మా మామ అలా అయితేనే ఒప్పుకున్నాడు.