అప్‌డేట్: ముందే రాసి వచ్చిన 24 పదాల కార్డు సంగతి

పోయిన నెల అడిగాను కదా, డిస్కౌంట్‌లో కొన్న హార్డ్‌వేర్ వాలెట్ (బిట్‌కాయిన్ తాళాలు దాచుకునే చిన్న డివైస్) డబ్బాలో 24 రికవరీ పదాలు (డివైస్ పోయినా కాయిన్లు వెనక్కి తెచ్చుకునే పదాలు) ముందే ప్రింటయిన కార్డు వచ్చింది, వాడొచ్చా అని. వద్దంటే వద్దన్నారందరూ. వాడలేదు. ఆ పదాలు తెలిసినవాడు నేను కాయిన్లు వేయగానే ఊడ్చుకుపోయేవాడు. రిఫండ్ కోసం అమ్మినవాడితో వారం గొడవ, అది వేరే కథ.

ఈసారి నేరుగా తయారీ కంపెనీ దగ్గరే కొన్నాను. పదాలు డివైస్ చిన్న స్క్రీన్ మీదే ఒక్కొక్కటిగా వచ్చాయి. ఫోటో తీయకుండా పెన్నుతో కాగితం మీద రాసుకున్నా. ఈ పదాలు ఏరే జాబితాలో మొత్తం 2048 పదాలు, మొదటి నాలుగు అక్షరాలతోనే ఏ పదమో తేలిపోతుంది. నా కోడిగీతలకు అది కూడా అనుమానమే, అందుకే మళ్ళీ పెద్ద అక్షరాలతో రాశాను.

ముందు కొద్దిగా బిట్‌కాయిన్ పంపి, రాసుకున్న కాగితం పనిచేస్తుందో లేదో చూద్దామని కావాలనే పిన్ మూడుసార్లు తప్పు కొట్టాను. డివైస్ మొత్తం చెరిగిపోయింది. తెలిసి చేసినా ఒకటే టెన్షన్! కాగితం చూసి 24 పదాలూ ఎక్కించాక బ్యాలెన్స్ మళ్ళీ కనిపించింది. మిగతాది నిన్న రాత్రి మార్చేశా. ఒక కాగితం బీరువాలో, ఇంకోటి బ్యాంకు లాకర్లో. అదేంటో మా ఆవిడకి ఇంకా చెప్పాలి.