లోపిటాల్ నియమంతో చేసిన అవధికి మార్కులు ఎందుకు రాలేదు?

ప్రశ్న (బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థిని):
ఇంటర్ ఎంపీసీ తెలుగు మాధ్యమంలో చదివి, ఈ ఏడాది బీఎస్సీ గణితంలో చేరాను. కలన గణితం ఉండే వన్ బీ, టూ బీ గణితం పేపర్లలో 75కు 70 దాటి వచ్చాయి కాబట్టి కలన గణితం కష్టం కాదనుకున్నాను. మొదటి ఇంటర్నల్ పరీక్షలో, ఎక్స్ సున్నాను సమీపించేటప్పుడు సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి 1 అని నిరూపించమన్నారు. లవాన్నీ హారాన్నీ విడివిడిగా అవకలనం చేసి అవధి కట్టే లోపిటాల్ నియమంతో రెండు వరుసల్లో రాస్తే మార్కులు వేయలేదు. ఎక్స్ 2ను సమీపించేటప్పుడు ఎక్స్ వర్గం అవధి 4 అని ఎప్సిలాన్, డెల్టాలతో చూపమన్న చోట నేను 2 ప్రతిక్షేపించాను, దానికీ సున్నాయే. జవాబు సరైనదైనప్పుడు తప్పెక్కడుందో దయచేసి చెప్పగలరు.

సమాధానం (విశ్రాంత అధ్యాపకుడు):
అమ్మా, లోపిటాల్ నియమం వాడాలంటే సైన్ ఎక్స్ అవకలజం కాస్ ఎక్స్ అని ముందే తెలిసి ఉండాలి. ఆ అవకలజాన్ని నిర్వచనం నుంచి రాబట్టేటప్పుడు మధ్యలో అవసరమయ్యేది సరిగ్గా ఈ సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధే. అంటే నిరూపించవలసిన దాన్నే ఆధారంగా తీసుకున్నారు. ఏకాంక వృత్తం గీసి, లోపలి త్రిభుజం, సెక్టారు, బయటి త్రిభుజం వైశాల్యాలను పోల్చండి. చిన్న ధన విలువలకు సైన్ ఎక్స్ కన్నా ఎక్స్, ఎక్స్ కన్నా టాన్ ఎక్స్ పెద్దవని తెలుస్తుంది. అందువల్ల సైన్ ఎక్స్ బై ఎక్స్ అనేది కాస్ ఎక్స్‌కూ 1కీ మధ్య ఇరుక్కుంటుంది, కాస్ ఎక్స్ 1ని చేరుతుంది కనుక అదీ చేరక తప్పదు. కోణాన్ని రేడియన్లలో కొలిస్తేనే ఈ అవధి 1. డిగ్రీలలో కొలిస్తే పై బై 180 వస్తుంది. ఇంటర్లో ఈ సంగతి మీద నిలిచి ఆలోచించే తీరిక పిల్లలకు దొరకడం లేదన్నది నా బాధ.

సమాధానం (ఎమ్మెస్సీ విద్యార్థి):
రెండో ప్రశ్నకు వస్తాను. ప్రతిక్షేపిస్తే 2 దగ్గర ప్రమేయం విలువ తెలుస్తుంది, అవధి మాత్రం 2 చుట్టుపక్కల ఏం జరుగుతుందో చెబుతుంది. రెండూ సమానమనడమే అవిచ్ఛిన్నత, మిమ్మల్ని చూపమన్నదీ అదే. ఎక్స్ వర్గానికీ 4కూ తేడా ఎప్సిలాన్ కన్నా తక్కువుండాలని ఎదుటివారు ముందుగా కోరతారు. ఎక్స్‌ను 2కు ఎంత దగ్గరగా ఉంచితే చాలునో, ఆ డెల్టాను మీరు చెప్పాలి. ఆ తేడా ఎక్స్ మైనస్ 2, ఎక్స్ ప్లస్ 2ల లబ్ధం. డెల్టాను 1కి మించనివ్వకపోతే ఎక్స్ 1కీ 3కీ మధ్యే ఉంటుంది, ఎక్స్ ప్లస్ 2 అనేది 5 దాటదు. కాబట్టి 1, ఎప్సిలాన్ బై 5లలో చిన్నదాన్ని డెల్టాగా తీసుకుంటే సరిపోతుంది.

ఇది వెంటనే అర్థం కాకపోతే దిగులుపడకండి. లైబ్నిట్జ్ తన అవకలన పద్ధతిని 1684లో ప్రచురించారు. కలన గణితం ఆధారపడ్డ, ఒకచోట సున్నా కాని, మరోచోట సున్నా అయ్యే సూక్ష్మ రాశులేమిటని 1734లో తత్వవేత్త బర్కిలీ నిలదీశారు. కోషీ 1821లో అవధినే పునాదిగా చేసి పాఠం రాసిన తరువాత, వయర్‌స్ట్రాస్ కాలానికి గాని నేటి నిర్వచనం స్థిరపడలేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 3 దగ్గర ఎక్స్ వర్గం అవధి 9 అని చేసి చూశాను. ఎక్స్ ప్లస్ 3 అనేది 7 దాటదు కనుక, 1, ఎప్సిలాన్ బై 7లలో చిన్నదాన్ని తీసుకున్నాను. సరేనా అండీ?

సమాధానం (ఎమ్మెస్సీ విద్యార్థి):
సరిగ్గా ఉంది. ఇప్పుడు 2 దగ్గర 1 బై ఎక్స్ ప్రయత్నించండి. ఇక్కడ హారం సున్నాకు దగ్గర కాకుండా ముందు కాపాడుకోవాలి; డెల్టా 1కి మించకపోతే ఎక్స్ 1 కన్నా పెద్దదిగానే ఉంటుందన్నది గమనిస్తే మిగతాది మీరే పూర్తి చేయగలరు.