దేశసౌభాగ్యమా, దేశవైశాల్యమా?

చెరువుగట్టు: రాయలవారి పద్యం ఒకటి రెండు రోజులుగా నోట్లో నానుతోంది. “దేశసౌభాగ్య మర్థసిద్ధికిని మూల / మిల యొకింతైన గుంట కాల్వలు రచించి”. తర్వాతి పాదం “నయము పేదకు” అని ఎత్తుకుంటుంది, మిగతాది గుర్తురావడం లేదు. ఆదివారం మా ఊళ్లో రైతులకు సుప్రీంకోర్టు 2024 మార్చిలో ఇచ్చిన బట్టమేకపిట్ట (అంతరించిపోతున్న పెద్ద పక్షి) తీర్పు గురించి చెప్పాలి. వాతావరణ మార్పు కీడు తగలకుండా బతికే హక్కు రాజ్యాంగం 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు) అధికరణల్లోనే ఉందన్న తీర్పు అది. ఈ పద్యంతో మొదలుపెడదామనుకున్నా. మొదటి పాదంలో ‘సౌభాగ్య’నా, ‘వైశాల్య’నా? రెండూ విన్నాను.

తేటగీతి: మిగతాది ఇదండీ: “నయము పేదకు నరిఁ గోరునను నొసంగి / ప్రబలఁ జేసిన నర్థధర్మములు పెరుగు”. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసం. ఛందస్సుతో ఇది తేలదు, రెండు మాటలూ తగణమే. యతి దే–ద్ధి, దానికీ ఈ మాటతో పని లేదు. అర్థంతోనే తేలాలి. నా మాట వైశాల్యమే. వెంటనే “ఇల యొకింతైన” అన్నాడు కదా! నేల విరివిగా ఉంటే రాబడి సరే, కొంచెమే అయినా కుంటలూ కాలువలూ తవ్వి పెంచుకోమని. సౌభాగ్యం అని చదివితే ఆ ‘అయినా’కి ఆధారమేదీ?

కర్నూలు పంతులు: మా నాన్నగారు నేర్పింది సౌభాగ్యమే. ‘ఒకింతైన’ను ఇలకు ఎందుకు కట్టాలి? గుంట కాల్వలకు కట్టండి: భూమి మీద కొద్దిగానైనా తవ్వించి అని. చక్కగా కుదురుతుంది.

తేటగీతి: హోస్పేట దగ్గర అంత పెద్ద చెరువు కట్టించడానికి పోర్చుగీసు పనివాడి సాయం కూడా తీసుకున్న రాజు, కొద్దిగా తవ్వితే చాలంటాడా పంతులుగారూ?

చెరువుగట్టు: ఇంకో చిక్కు. మా నల్లగొండ వైపు గుంట అంటే 121 గజాలు, ఎకరానికి 40. పద్యం చదవగానే మావాళ్లు భూమి కొలత అనుకుంటారు. నీళ్లదైతే మాకు కుంట.

తేటగీతి: అది కుంటే కావచ్చు! ‘ఐనన్’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న మాట. ఐనన్ + కుంట, సరళాదేశం వచ్చి (‘క’ కాస్తా ‘గ’ అయి) ‘ఐన గుంట’. ఆ ‘గు’ రాయలది కాదు, సంధిది.

కర్నూలు పంతులు: గుంట స్వతంత్రంగా ఉన్న మాటే. ఉన్న మాటకు సంధి అంటగట్టనక్కర్లేదు.

నల్లకోటు: మీరంతా మొదటి పాదంలోనే ఆగిపోయారు. నాకు మూడోదే ప్రాణం. అరి పన్ను, కోరు పంటలో రాజుకిచ్చే పాలు, ఆ రెంటిలో పేదకు సడలింపు. 2024 తీర్పులో 14వ అధికరణ వచ్చింది సరిగ్గా ఇక్కడే: ఎండా వరదా అందరి మీదా ఒకేలా పడవు, లేనివాడి మీద ముందు పడతాయి. 1976లో 42వ సవరణతో వచ్చిన, పర్యావరణాన్ని కాపాడమనే 48ఎ ఆదేశ సూత్రమే, దాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకెక్కలేం. అందుకే 21తో కలిపి చదువుతారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ పని 1987లోనే చేసింది, హైదరాబాదులో ఆటవిడుపు స్థలంగా ఉంచిన నేలలో ఇళ్లు కట్టకూడదని.

ఒక్క మాట మాత్రం దాచకండి. 2021లో బట్టమేక కోసం దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లలో కరెంటు తీగలు భూమిలోకి దించమన్న ఆదేశాన్ని, సౌర విద్యుత్తు కూడా కావాలి కాబట్టి, ఈ తీర్పే సడలించి నిపుణుల సంఘానికి అప్పగించింది. హక్కు పుట్టిన తీర్పులోనే పిట్టకు రక్షణ తగ్గింది. వాతావరణ మార్పుకని మనకు ప్రత్యేక చట్టం లేదని కూడా అందులోనే రాశారు.

చెరువుగట్టు: అది చెప్పి తీరతాను. మా కుంటలో ప్లాట్ల హద్దురాళ్లు పాతారు, తూము మట్టితో పూడిపోయింది. మాకు పనికొచ్చే తీర్పు ఏదన్నా ఉందా అన్నా?

నల్లకోటు: తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2006. చెరువుకు రాజ్యం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త. మీ పద్యంలో ‘అర్థధర్మములు’ జంటగా వచ్చింది చూడండి, నేనైతే అక్కడ ఆగి చదువుతాను.

కర్నూలు పంతులు: బట్టమేక అనగానే మా రోళ్లపాడు బట్టమేకపిట్టల అభయారణ్యం గుర్తొచ్చింది. పిట్టకు మేక పేరేమిటంటే, మీటరు ఎత్తు పక్షి గడ్డిలో తల వంచి మేస్తుంటే దూరానికి మేకలాగే ఉంటుందని నా ఊహ. ‘బట్ట’ సంగతి ఎవరైనా చెప్పాలి.

తేటగీతి: బట్ట తర్వాత. ముందు కోరు తేల్చండి. మా గోదావరి వైపు చేను కోరుకిచ్చారంటే పంటలో సగం. రాయల నాటి కోరూ సగమేనా? మీ వైపు ఎంత?